మిర్చి గదిలో మోగని బెల్

2009 వేసవి. మైలవరం దారిలో ఒక కోల్డ్ స్టోరేజీలో, మిర్చి గదుల తలుపు దగ్గర నా పని. మా ఆయన పోయాక అదే నా బతుకు. సంతకం దాటి రాయడం రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

లోపలికి వెళ్లే ఆడవాళ్లు చెప్పులు బయట విడిచి గమ్‌బూట్లు వేసుకుంటారు. ఎవరైనా లోపల చిక్కుకుంటే నొక్కడానికి గోడకు బటన్ ఉంటుంది. నొక్కితే ఆఫీసులో బెల్ మోగి, కంప్యూటర్‌లో పచ్చదీపం ఎర్రగా మారాలి.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. చల్లదనం పోకుండా వెంటనే తలుపులు బిగించడం మా అలవాటు, హమాలీలు బిగించేశారు. కరెంటు వచ్చాక అందరూ టీకి వెళ్లారు. తలుపు దగ్గర ఒక జత చెప్పులు మిగిలాయి, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టినవి. అవి నాతోపాటు పనిచేసే మస్తాన్‌బీ చెప్పులు.

ఆఫీసులో కంప్యూటర్ చూసే ప్రసాద్‌గారి దగ్గరికి పరిగెత్తాను.

"ప్రసాద్‌గారూ, మస్తాన్‌బీ లోపలుందేమోనండీ!"

"ఉంటే బటన్ నొక్కదా పిన్నీ? చూడు, పచ్చగానే ఉంది. టీకొట్టు దగ్గర కబుర్లేస్తుంటుంది."

"చెప్పులు తలుపు దగ్గరే ఉన్నాయండీ. ఈ ఎండలో ఆ బూట్లతోనే వెళ్తుందా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. ఇద్దరం పరుగున వెళ్లి గడియ లాగాం. లోపలి నుంచి తలుపు తెరిచే పిడి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మస్తాన్‌బీ గోడకు ఆనుకుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి. వేలు ఇంకా బటన్ మీదే.

"నొక్కుతూనే ఉన్నా అక్కా... ఎవరికీ వినపడలేదా?"

గోనెసంచులు కప్పి, ఎండలో కూర్చోబెట్టి చేతులూ కాళ్లూ రుద్దాం. బతికింది.

విజయవాడ నుంచి ఇంజనీరు వచ్చాడు. ఒక కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్ నడుస్తోందట. లోపలిదాన్ని వర్చువల్ మెషీన్ అంటారట. గోడ బటన్‌నూ బెల్‌నూ కంప్యూటర్‌కు కలిపే కార్డును నేరుగా లోపలిదాని చేతికిచ్చారు. దాన్ని పాస్‌త్రూ అంటారు. కరెంటు పోగానే బ్యాటరీ ఆదా కోసం బయటి పెద్దది నిద్రపోయింది, కార్డుకూ పవర్ ఆగింది. తర్వాత పెద్దది లేచింది కానీ, కార్డుకు పవర్ పోయొచ్చిందని లోపలిదానికి చెప్పలేదు. మళ్లీ మొదలుపెడితేగానీ కార్డు పలకదని తెలియక, అది పాత పచ్చదీపాన్నే చూపిస్తూ కూర్చుంది.

"ఇక నుంచి నిద్రపోయేముందు పెద్దది లోపలిదానికి చెబుతుందమ్మా. లేచాక కార్డును రీసెట్ చేస్తుంది. కార్డు పలికేదాకా దీపం ఎర్రగానే ఉంటుంది," అన్నాడు.

"అదీ చెప్పకపోతే బాబూ?" అంది మస్తాన్‌బీ.

అప్పటి నుంచి కరెంటు వచ్చిన ప్రతిసారీ నేను లోపలికెళ్లి బటన్ నొక్కేదాన్ని. మస్తాన్‌బీ తలుపు రెక్కను రెండు చేతులా పట్టుకుని బయట నిలబడేది. పచ్చదీపం చూస్తే ఈనాటికీ నాకు ధైర్యం రాదు. బెల్ నా చెవిన పడాలి.