దూరం నుంచి కిషన్ రావు సారు

కిషన్ రావు సారు ఎంత మొండి యంత్రాన్నయినా బాగుచేసేవారు, కాని దాని ముఖం మాత్రం చచ్చినా చూసేవారు కాదు. కళ్లతో చూస్తే బుర్ర పనిచేయడం మానేస్తుందని ఆయన సిద్ధాంతం. పక్క గదిలో బోర్డు మొరాయించినా లేచి వచ్చేవారు కాదు. కూర్చున్న కుర్చీలోంచే ఫోనెత్తి, "హలో, ఏం కనబడుతాంది?" అనేవారు.

ఎనభై ఆరులో నేను ఆయన దగ్గర ఇంజనీరుగా చేరాను. హనుమకొండలో రెండు గదుల వర్క్‌షాపు. రైసు మిల్లుల్లో వడ్లు ఆరబెట్టే డ్రయ్యరుకు తగిలించే పెట్టెలు చేసేవాళ్లం. పెట్టెలో ఒక బోర్డు, నొక్కడానికి మీటలు, ఆరు ఎర్ర అంకెలు. వేడి హద్దు దాటితే అది గంట కొట్టి, వేడిగాలిని ఆపేయాలి. ఆపకపోతే వడ్లు పేలాలవుతాయి.

"సార్, చిప్ పోయినట్టుంది," అనేదాన్ని.

"నీకేమనిపిస్తాందో అడిగిన్నా బిడ్డా? ఏం కనబడుతాందో చెప్పు."

"రెండు సున్నాలు, నాలుగు, పక్కన చుక్క."

"చుక్క సంగతి ముందు చెప్పొద్దా! ఆ చుక్కనే దొంగ!"

నిజంగా అదే దొంగయ్యేది. అందుకే ఆయన మీద కోపం ఎక్కువసేపు నిలిచేది కాదు.

ఇంట్లోనూ ఇదే తంతు. ఒకరోజు ఆయన భార్య అనసూయమ్మ గారు, "ఇగో, ఫ్యాను తిరుగుతలేదు, జర చూడుండ్రి," అన్నారు. నేనక్కడే ఉన్నాను.

"రెక్కలెన్ని కనబడుతున్నయి?" అన్నారు సారు పేపర్లోంచి తల ఎత్తకుండా.

"మూడు."

"లెక్కకు అందినయంటే ఆగినట్టే. రెగ్యులేటరు ఎంత మీదున్నది?"

"ఫ్యాను కిందనే కూసున్నరు గదా మీరు!"

"కూసుంటే ఏమాయె, చూస్తలేను గదా."

జ్వరమొస్తే దవాఖానకు కూడా ఫోనే. "నూట రెండు, నాలుక తెల్లగున్నది, ఏం మింగాలె?" అని అడిగితే, డాక్టరుకు ఒళ్లు మండి తనే రిక్షా ఎక్కి వచ్చి మరీ సూది పొడిచి పోయాడు.

ఎనభై ఎనిమిది దీపావళి వెళ్లగానే మరిపెడ నుంచి కబురొచ్చింది. పాండురంగం సేటు మిల్లులో మా పెట్టె పనిచేయడం లేదు. "పిల్లను పంపకుండ్రి. మీరొస్తే రాండ్రి, లేకుంటే పెట్టె తీస్కపోండ్రి," అన్నాడట సేటు. దానికి ప్రోగ్రాం రాసింది నేనే. ఈ మిల్లులో నా మాట చెల్లకపోతే ఏ మిల్లులోనూ నన్ను గడప తొక్కనివ్వరు. సారు మాత్రం తాపీగా, "నువ్వే పో. ఫికర్ చెయ్యకు, పదకొండింటికి నేనే ఫోన్ చేస్త," అన్నారు. నేను ఏడవడమొక్కటే తక్కువగా బస్సెక్కాను.

సేటు నన్ను చూసి మొహం చిట్లించాడు. "ఏం పిల్లా, మీ సారు రాలే?" అన్నాడు. ఆయన పక్కన ఇంకో ఇద్దరు మిల్లు యజమానులు తమాషా చూడటానికి కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అన్న టైముకు ఫోను మోగింది.

"ఏం కనబడుతాంది?"

"పిచ్చి అంకెలు సార్."

"మీటలు నొక్కి, మన ప్రోగ్రాం ఉన్నకాడికి పో. ఒక్కొక్కటే చదువు."

చదివాను. "ఎఫ్ ఎఫ్. ఎఫ్ ఎఫ్. మళ్లీ ఎఫ్ ఎఫ్."

"అంటే?"

"ఖాళీ సార్. ప్రోగ్రాం తుడిచిపెట్టుకుపోయింది!"

"ఎట్ల పోయింది? ఇప్పుడు చిప్పును చూడు. నాకు కాదు, వాళ్లకు చెప్పు."

చూశాను. ఆ చిప్పు నెత్తిన చిన్న అద్దపు కిటికీ ఉంటుంది. రోజుల తరబడి ఎండ తగిలితే లోపలున్నదంతా మరచిపోతుంది. అందుకే దాని మీద నల్ల కాగితం అంటిస్తాం. ఆ కాగితం లేదు! పక్కనే గుండ్రంగా కుంకుమ బొట్టు.

"కాగితం ఎవరు తీశారు?" అన్నాను.

మిల్లు పనివాడు మొగిలి ముందుకొచ్చాడు. "నేనే అమ్మా. దసరాకు మిషన్లకు పూజ చేసినం. పండుగ పూట నల్లది ఎట్లుంచుతం? పీకేసి బొట్టు పెట్టిన. బొట్టు కనబడాలెనని పెట్టె మూత తీసి, ఎండ పడే గోడ కిటికీల పెట్టిన."

కుర్చీల్లో వాళ్లు పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. సంచిలో అదే ప్రోగ్రాంతో ఉన్న జోడీ చిప్పు తీసి బిగించాను. నల్లది వద్దన్నారు కనుక సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం అడిగి తీసుకుని అద్దం మీద అంటించి, "దీని మీద పెట్టు బొట్టు," అన్నాను. మొగిలి భక్తిగా పెట్టాడు. డ్రయ్యరు వేడెక్కింది, హద్దు చేరింది, గంట ఖంగున మోగింది. సేటు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సారుకు చెబుదామని, పక్కన పెట్టిన ఫోను మళ్లీ చెవికి పెట్టుకున్నాను. అదే సమయానికి రోడ్డు మీద సినిమా రిక్షా మైకులో అరుచుకుంటూ పోతోంది. ఆ అరుపే ఫోనులోనూ వినబడింది, ఇంకా గట్టిగా! హనుమకొండలో ఉన్న మనిషి ఫోనులోకి మరిపెడ రిక్షా ఎలా వచ్చింది? అప్పుడు వెలిగింది నాకు, ఊరి నుంచి ఊరికి వచ్చే ట్రంకు కాలు ఇంత స్పష్టంగా ఎప్పుడూ లేదని.

రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఎరువుల దుకాణంలోకి తొంగి చూశాను. యూరియా బస్తా మీద కిషన్ రావు సారు! ఒళ్లో పనిముట్ల సంచి, దాని మీద కొత్త బోర్డు.

"మీరెప్పుడొచ్చారు సార్?"

"నీ ముందు బస్సుకు," అన్నారు, దొంగతనంలో పట్టుబడ్డట్టు తల గోక్కుంటూ. "నేను లోపలికొస్తే వాళ్లు నాతోనే మాట్లాడుతరు, నిన్ను చాయ్ తెమ్మంటరు. నీకు చాతగాకుంటే వద్దామని కూసున్న."

ఇంతలో నా వెనకే వచ్చిన సేటు సారును చూసి చేతులు జోడించాడు. "సార్, ఈడనే ఉన్నరా! జర రాండ్రి, ఇంకో పెట్టె కూడ పెట్టిద్దామనుకుంటాన."

"నాకేం తెల్వది సేటూ. ఇంజనీరమ్మను అడుగు."

సేటు నా వైపు తిరిగాడు. "అమ్మా, మీరే జర వచ్చి జాగ చూస్తరా?"

నేనీ పనిలో నిలబడ్డానంటే ఆ యూరియా బస్తా మీద కూర్చున్న మనిషి చలవే. వంగి ఆయన కాళ్లకు దండం పెట్టబోయాను. సారు గబుక్కున కాళ్లు బస్తా మీదికి లాక్కున్నారు.

"దూరం నుంచి పెట్టు బిడ్డా," అన్నారు, "అందుతది."