కెజియా వేలెత్తినప్పుడు

మూడేళ్ల క్రితం, మిరపకోతల కాలం. గుంటూరు బ్రాడీపేటలోని ఒక చిన్న ఎముకల ఆసుపత్రిలో నేను ఆపరేషన్ థియేటర్ నర్సును. వినుకొండ దగ్గరి పల్లె నుంచి పన్నెండేళ్ల కెజియాను తీసుకొచ్చారు. ట్రాక్టర్ మీద నుంచి పడి కుడి ముంజేయి విరిగింది. మిరప ఘాటుకి దగ్గు పట్టుకుంది కాబట్టి పూర్తి మత్తు వద్దనుకుని, నర్వ్ బ్లాక్ ఇవ్వాలని అనస్థీషియా డాక్టరు గారు నిర్ణయించారు. అంటే స్కానింగ్‌లో చూస్తూ చంకలోని నరాల పక్కన మందు ఎక్కించి, చేతిని మాత్రమే మొద్దుబారుస్తారు.

సూది చూడగానే ఆ పిల్ల గోడకు ఆనుకుపోయింది. ముందురోజు ఇంకోచోట నలుగురు అదిమిపట్టి గాయానికి కుట్లు వేశారట.

"నేను పట్టుకుంటానండి, గుచ్చేయండి" అన్నాడు వాళ్ల నాన్న ఏసోబు.

నేను ఒప్పుకోలేదు. నొప్పి తెలియకుండా చేస్తానని చెబుతూ కెజియా పక్కన కూర్చున్నాను.

"నొప్పి పుట్టదని చెప్పొద్దండి. అక్కడా అట్టాగే చెప్పారు" అంది.

ఆ మాటకు సిగ్గేసింది. మాట మార్చుకున్నాను. చర్మాన్ని మొద్దుబార్చే క్రీము ఉందని, అది పనిచేయడానికి గంట పడుతుందని, ఆ తర్వాత కూడా కొంచెం తెలుస్తుందని ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆపాలనిపిస్తే ఎడమచేతి వేలెత్తు, ఆపేస్తాం" అన్నాను.

గంట అనేసరికి సర్జన్ గారు విసుక్కున్నారు. ఇద్దరు పట్టుకుంటే రెండు నిమిషాల పని అన్నారు. పిల్ల గింజుకుంటే సూది నరానికి తగలొచ్చని, తర్వాతి కేసును ముందు చేసుకోమని చెప్పాను. ఆయన ముఖం చిట్లించినా నేను వెనక్కి తగ్గలేదు. అనస్థీషియా డాక్టరు గారు నావైపే నిలబడ్డారు.

సెలైన్ పెట్టాల్సిన చోటా, చంకలోనూ క్రీము రాసి, పైన పారదర్శకమైన ప్లాస్టర్ అంటించాను. గంట తర్వాత సెలైన్ సూది పెట్టినప్పుడు కెజియా చెయ్యి లాక్కోలేదు. తర్వాత చంకలో డాక్టరు గారు సన్నటి సూదితో మెల్లగా మొదలుపెట్టారు. అంతలో కెజియా వేలెత్తింది.

డాక్టరు గారు వెంటనే ఆపేశారు.

"నొప్పిగా ఉందా అమ్మా?" అన్నాను.

"లేదు. ఆపుతారో లేదో చూశాను. ఇప్పుడు చెయ్యండి."

ఆ తర్వాత బ్లాక్ పూర్తయ్యేదాకా ఆమె కదల్లేదు. ఎముక కుదిరింది, చెయ్యి బాగుపడింది.

క్రీము చర్మాన్ని మాత్రమే మొద్దుబారుస్తుంది. నిన్న అబద్ధం విన్న పిల్లకు ఇవాళ నమ్మకం కలగాలంటే, అడిగిన క్షణంలో మన చెయ్యి ఆగాలి. అప్పటి నుంచి ఏ పిల్లతోనూ "నొప్పి ఉండదు" అని నేను చెప్పలేదు.