ఫోన్ పెట్టేస్తూ అన్న మాట

ఆరేళ్ళుగా ఒక మాట గొంతులో చేపముల్లులా ఉంది. మింగితే దిగదు, కక్కితే రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే ఓదారుస్తారు. ఓదారిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది గోదావరి జిల్లా. పదేళ్ళు డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పాను. ప్రపంచ కప్పు వస్తుందని దోహా అంతా తవ్విపోస్తున్న రోజుల్లో, ఆ తవ్వకాల ఇంజనీరుగా మావారు, ఆయన వెనక నేను ఖతార్ వచ్చాం. నాకు ఉద్యోగం లేదు. వాదించడానికి మనిషి లేడు. అప్పుడు తెచ్చుకున్నాను బాణాన్ని.

బాణం గ్రేహౌండ్. పరుగుపందాల కుక్క. జోరు తగ్గగానే ఎవడో అల్ షహానియా వైపు ఎడారిలో వదిలేసి పోయాడు. అలాంటి కుక్కల్ని చేరదీసేవాళ్ళ దగ్గర సంతకం పెట్టి తెచ్చుకున్నాను. ఆ కాగితంలో ఒక షరతు: ఆరుబయట పట్టీ విప్పకూడదు. విప్పినట్టు తెలిస్తే కుక్కను వెనక్కి తీసుకుపోతారు.

పాపం, దానికి ఇల్లంటే ఏమిటో తెలియదు. మెట్లు చూసి వణికింది. అద్దాల తలుపును గుద్దుకుంది. నున్నటి నేలమీద నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారిపోతుంటే పాత చాపలు పరిచాను. ఒంటిమీద చారెడు కొవ్వు లేదు, ఏసీకి ఆగలేదు. నా శాలువా కత్తిరించి చొక్కా కుట్టాను. ‘కూర్చో’ నేర్పడానికి నెల పట్టింది, ఆ తొడలు మడతపడితేగా! ‘ఆగు’ మాత్రం వారంలో నేర్చింది. చూసినవాళ్ళంతా ఎంత జాలిగుండె తల్లీ నీది అన్నారు. జాలిగుండె! తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మా కాంపౌండ్ గేటు దగ్గర లింగన్న ఉండేవాడు. జగిత్యాల మనిషి, నా వయసువాడే. అంతకుముందు షహానియాలో ఒంటెల దగ్గర పనిచేశాడు. ఒకరోజు నేను బాణాన్ని “యల్లా, యల్లా” అని అదిలిస్తూ తీసుకెళ్తున్నాను. ఈ దేశంలో యల్లా అనని నోరు ఏది? పద అనడానికీ అదే, ఫోన్ పెట్టేయడానికీ అదే. ఆ మాట వినగానే బాణం పట్టీ తెగేలా గుంజేది. హుషారనుకున్నాను. లింగన్న లేచి వచ్చాడు.

“అమ్మా, జర గా మాట దీని ముంగట అనకుండ్రి.”

“ఏ మాట?”

“గదే, యల్లా అనుడు. షహానియాల జూసిన్నమ్మా, పందెంల కుక్కలను గా మాటతోనే ఇడుస్తరు. ఇనంగనే ఉరుకుతది. ఇగ ఆగది.”

“లింగన్నా, పదేళ్ళు డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. కుక్కకు పాఠం నువ్వు నేర్పాలా నాకు?”

ఆయన నవ్వాడు. “పిలగాండ్లకు మస్తు మాటలు ఎరుకుంటయి అమ్మా. దీనికి గదొక్కటే ఎరుక.”

నాకు మండింది. వాచ్‌మన్ చెప్పేదేమిటి?

ఆ జూన్‌లో ఒక శుక్రవారం, పొద్దున్నే. చెత్త వేయడానికి పక్క గేటు నేనే తీశాను. తిరిగి మూయలేదు. లింగన్న పెద్ద గేటు దగ్గర లారీ లోపలికి పంపిస్తున్నాడు. బాణాన్ని లాన్‌లో నిలబెట్టి పట్టీ విప్పి ‘ఆగు’ అన్నాను. వీడియో తీసి మా ఆడపడుచుకు పంపాలని. ఆగింది. శిలలా నిలబడింది. అప్పుడే ఆవిడే ఫోన్ చేసింది. నా శిక్షణ గొప్పలన్నీ చెప్పి, “సరే వదినా, యల్లా, బై” అన్నాను.

అంతే. లాన్ మీద కుక్క లేదు.

పక్క గేటు దాటి, రోడ్డు దాటి, పైపుల కోసం తవ్విన గుంతలో పడింది. లింగన్న గేటు వదిలేసి పరిగెత్తాడు. గుంతలోకి దిగి, రెండు చేతుల మీద ఎత్తుకుని పైకి వచ్చాడు. ముందరి ఎడమ కాలు వేలాడుతోంది.

అప్పటికి కాంపౌండ్ మేనేజర్ వచ్చాడు, హైదరాబాద్ మనిషి. గేటు తెరిచిందెవరని అడిగాడు. నేను, “గేటు దగ్గర ఉండాల్సింది ఎవరు?” అన్నాను.

“అంటే లింగన్న గేటు తెరిచి వదిలేశాడా మేడమ్?”

“మరి?” అన్నాను.

అబద్ధమాడలేదు, ప్రశ్నకు ప్రశ్న వేశానంతే అని ఆరేళ్ళు నాతో నేనే వాదించుకున్నాను. ‘మరి’ ప్రశ్నా, జవాబా? ఇలాంటి జవాబు ఏ పిల్లాడి పేపర్లో కనబడినా ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని కదా! మేనేజర్ లింగన్నను ఒక్క ముక్క అడగలేదు. మేడమ్ చెప్పాక అడగడమెందుకు? లింగన్న నా వైపు ఒక్కసారి చూశాడు. తిట్టి ఉంటే వాదించేదాన్ని. “గదంత తర్వాత సార్. దీనికి నొస్తుంది, ముందు దవాఖానకు తీస్కపోండ్రి” అన్నాడు.

మూడోరోజు గేటు గదిలో వేరే మనిషి ఉన్నాడు. లింగన్నకు సైట్ డ్యూటీ అట. గేటు గదిలో కుర్చీ ఉంది, ఏసీ ఉంది. జూన్ నెల సైట్‌లో ఏముంటుందో చెప్పాలా? రెండు నెలలకు పని తీసేసి ఇండియాకు పంపేశారని తెలిసింది. “పోనీలే, ఎక్కడో చోట పని దొరుకుతుంది” అన్నారు మావారు. మనుషులంటే అంత చులకనా అని ఆయన మీద గయ్యిమన్నాను. గయ్యిమని, ఊరుకున్నాను. మేనేజర్ గది మా గుమ్మానికి నలభై అడుగులు. ఆ రెండు నెలల్లో ఒక్కరోజైనా వెళ్ళానా?

నిజం చెబితే బాణాన్ని తీసుకుపోతారని భయం. అంతేనా? అంతే అయితే ఇంత సిగ్గు దేనికి? వాచ్‌మన్ చెప్పిందే నిజమైందని నలుగురిలో ఒప్పుకోవాలి. అదీ నా వల్ల కాలేదు.

రేపో మాపో మ్యాచ్‌లు మొదలవుతాయి. ఆ గుంత ఉన్నచోట రోడ్డు అద్దంలా ఉంది, రెండువైపులా జెండాలు. బాణం దానిమీద కుంటుతూ నడుస్తుంది. అందరూ దాని కాలు చూసి అయ్యో అంటారు. లింగన్న ఏమయ్యాడని అడిగినవాడు ఒక్కడు లేడు, నాతో సహా.

ఇంట్లో ఇప్పుడు యల్లా అనం. ఫోన్ పెట్టేసేటప్పుడు ‘ఉంటాను మరి’ అనడం మావైపు అలవాటు. నేను ‘ఉంటాను’ దగ్గరే ఆగిపోతాను. ఆ రెండో మాట నోటికి రాదు.

పక్క గేటు తీసి ఉంచింది నేను. పట్టీ విప్పింది నేను. లింగన్న గేటు వదిలింది నా కుక్క కోసం. ఇది రాశాక ముల్లు కాస్త కదిలినట్టుంది. ఆయన అక్కడ ఏం చేస్తున్నాడో తెలియకుండా, ఇక్కడ నాకు తేలిక పడటమేమిటి? అదీ మంటగానే ఉంది.