ఒక్క రోజు మిక్సర్ బాడుగ

పోయినవి ముందు రాస్తాను. పన్నెండు బస్తాల సిమెంటు, దానికి తగిన ఇసుక, కంకర. ఇరవై రెండు థర్మాకోల్ అచ్చులు. వంగిన కమ్మీలను తిన్నగా చేసి మళ్లీ వాడుకున్నాం కాబట్టి వాటిని కలపను. వీటితోపాటు ఒక మేస్త్రీకి ఉన్న మంచి పేరు. దానికి ధర కట్టడం నాకు చాలాకాలం చేతకాలేదు.

నేను ఇంజనీరును కాను. ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకునేవాళ్లకు ఏది ఎంత పడుతుందో లెక్కవేసి చెబుతాను. చూసి చూసి నేర్చుకున్న విద్య. సొంత ఇల్లు మొదలుపెట్టినప్పుడు, ఇన్నేళ్లూ రేకుల కింద ఉడికిన మా ఆమె ఒక్కటే కోరింది: ఎండాకాలం మధ్యాహ్నం లోపల కూర్చోగలిగితే చాలని. పులివెందుల దగ్గర అలాంటి ఇల్లొకటి చూసి వచ్చాను. బోలుగా ఉండే థర్మాకోల్ అచ్చులను పేర్చి, మధ్యలో కమ్మీలు నిలిపి కాంక్రీటు పోస్తారు. అచ్చును ఊడదీయరు. గోడకు రెండువైపులా ఉండిపోయి వేడిని ఆపుతుంది.

పని ఒప్పుకున్న జమ్మలమడుగు మేస్త్రీ అచ్చును చేత్తో ఎత్తి చూసి నవ్వాడు. వయసులో పెద్ద, నేను మామా అని పిలిచేవాణ్ని.

"ఏంది అల్లుడా, టీవీ డబ్బాలో వచ్చే బెండుతో ఇల్లు కట్టిస్తాండావా? గాలొస్తే మైలవరం దాకా పోయి ఏరుకోవాల!"

కాంక్రీటు ఒకేసారి నింపితే బరువుకు అచ్చు పగులుతుందని, నాలుగడుగులు పోసి, అది బిగిశాక మళ్లీ పోయాలని అమ్మినవాళ్లు చెప్పారు. ఆ మాట పోసే రోజు పొద్దున్నే మామకు చెప్పింది నేనే. కానీ ఆ రోజు కాంక్రీటు కలిపే బాడుగ మిక్సర్ ఆలస్యంగా వచ్చింది. సాయంత్రానికి గోడలన్నీ నాలుగడుగుల దగ్గరే ఉన్నాయి. మర్నాడు కూడా దాన్ని ఉంచుకుంటే ఇంకో రోజు బాడుగ. మా దగ్గర స్లాబు ఎప్పుడూ మధ్యలో ఆపరు, ఆపితే అతుకు పడుతుందంటారు. ఆ వాడుకను అడ్డం పెట్టుకుని, ఉత్తరం గోడనైనా పైదాకా నింపేయమన్నాను.

"పొద్దున నువ్వే గదా వద్దన్న్యావు?" అన్నాడు మామ.

"ఇప్పుడు నేనే పొయ్యమంటాండా."

పోశారు. కింది వరుస ఉబ్బి, పగిలి, కాంక్రీటు మా కాళ్ల మీదికి వచ్చింది. అప్పుడక్కడ ఒక బట్టల వ్యాపారి ఉన్నాడు. ఎర్రగుంట్ల రోడ్డులో తను కట్టబోయే ఇంటి పనిని మామకు ఇద్దామనుకుని పనితనం చూడటానికి వచ్చాడు. అంతమంది ముందు తలవంపులైపోయి నోరు జారాను.

"నమ్మి పనిస్తే ఇదా మామా నువ్వు చేసేది?"

మామ నా ముఖం చూశాడు. వ్యాపారి బండెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు మామ మనుషులతో వచ్చి గోడ విప్పి, మళ్లీ పేర్చి, విడతలుగా పోశాడు. కూలి ఇస్తుంటే అన్నాడు:

"ఆ సేటుకు ఒక మాట చెప్పు అల్లుడా. పొయ్యమన్నింది నువ్వని."

సరేనన్నాను. రెండుసార్లు ఆయన బట్టల అంగడికి వెళ్లాను. మొదటిసారి తువ్వాలు, రెండోసారి లుంగీ కొనుక్కుని తిరిగొచ్చాను. మూడోసారి చెప్పగలిగాను. ఆయన గుడ్డ మడతపెడుతూనే విన్నాడు.

"ఇప్పుడా చెప్పేది? నిన్ననే ఇంకొకరికి అడ్వాన్సు ఇచ్చినా గదప్పా."

మా ఆమె ఇప్పుడు మధ్యాహ్నాలు ఆ ఉత్తరం గోడకు ఆనుకుని పప్పు ఏరుకుంటుంది. బయట ఎండ మండిపోతున్నా గోడ చల్లగానే ఉంటుంది. నేను మాత్రం వరండాలో కూర్చుంటాను.

ఆ వ్యాపారి ఇల్లు పదకొండు వందల చదరపు అడుగులు. అడుగుకు మూడు వందల యాభై కూలి. అందరికీ పంచాక మామకు ఐదో వంతు మిగిలేది. ఆ ఐదో వంతు డబ్బు తీసుకుని ఒకసారి జమ్మలమడుగు వెళ్లాను.

"చెయ్యని పనికి దుడ్లు తీసుకునేటోని మాదిరి కనపడతాండానా నీకు?" అని, టీ తాగించి పంపాడు.

డెబ్బై ఏడు వేలు. ఇంకా నా దగ్గరే ఉన్నాయి.