చాముండేశ్వరిగారి పెళ్లి లైసెన్సు

చాముండేశ్వరిగారికి పెళ్లయి యాభై ఏళ్లు దాటింది. ఆ సంగతి నాకు తెలుసు, మా వీధి మొత్తానికి తెలుసు, అరోరా గుళ్లో పూజారికి కూడా తెలుసు. తెలియనిది పెళ్లిళ్లు రికార్డు చేసే కౌంటీ ఆఫీసు ఒక్కదానికే. ఆ ఒక్కదానికి తెలియకపోతే ఒక మనిషికి ఇంత అన్యాయం జరుగుతుందని కళ్లారా చూసేదాకా నేను నమ్మలేదు.

నా పేరు మీనాక్షి, మాది వాళ్ల ఎదురిల్లు. ఆవిడ హాస్పిటల్ ల్యాబులో మైక్రోబయాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన, ధర్మారావుగారు, వంతెనలు కట్టే ఇంజనీరు. పిల్లలు కలగలేదు. ఇద్దరూ విడివిడిగా చదువుకోవడానికి అమెరికా వచ్చి, విడివిడిగా గ్రీన్‌కార్డులు తెచ్చుకున్నవాళ్లు. డిగ్రీలన్నీ పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయని ఆవిడ పేరు మార్చుకోలేదు. కలిసి ఇల్లు కొన్నారు, కలిపి టాక్సులు కట్టారు. మీరు మొగుడూ పెళ్లాలేనా, కాగితం చూపించండి అని ఇన్నేళ్లలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మూడేళ్ల కిందట ఆయనకు మతిమరుపు మొదలైంది. ముందు తాళాలు, తర్వాత దారులు, తర్వాత మనుషులు. ఒక జనవరిలో మంచు కురుస్తుంటే చెప్పులతో బయటికి వెళ్లిపోయి, ఎవరిదో గరాజ్ ముందు నిలబడి తలుపు తియ్యమని అరుస్తుంటే పోలీసులు తెచ్చి దింపారు. ఇంక ఇంట్లో ఉంచడం కుదరదని డాక్టరు చెప్పాడు. మా ఊళ్లో ఒక చర్చి వాళ్లు నడిపే వృద్ధుల హోమ్‌లో చేర్చారు.

ఆవిడ రోజూ పొద్దున్నే వెళ్లి అన్నం తినిపించేవారు. ఆయన ఆవిడను ‘సిస్టర్’ అని పిలిచేవారు. నర్సు అనుకునేవారు. దానికి ఆవిడ పెద్దగా బాధపడ్డట్టు నాకు కనిపించలేదు. ఆవిడ బాధంతా సాయంత్రాల గురించి. పొద్దుగుంకే వేళకు ఆయనకు భయం పట్టుకునేది. గోడ వైపు తిరిగి వణికిపోయేవారు. ఆవిడ చెయ్యి పట్టుకుంటే కుదుటపడేవారు. కానీ సరిగ్గా ఆ వేళకే బయటివాళ్లు వెళ్లిపోవాలి. నా కారు ఎక్కాక ఆయన కిటికీ కనబడినంతసేపూ ఆవిడ వెనక్కి తిరిగి చూసేవారు.

అలాంటి సమయంలో హోమ్‌లో దంపతులు కలిసి ఉండే గది ఒకటి ఖాళీ అయింది. ఆవిడ ఆ గదిలోకి మారిపోతే పగలూ రాత్రీ ఆయన పక్కనే ఉండొచ్చు. ఇంత సంతోషంగా ఆవిడను నేను ఈమధ్య చూడలేదు. ఇల్లు అమ్మేస్తానన్నారు, తులసి మొక్కను నాకిస్తానన్నారు. తీరా అడిగితే ఆ గది చట్టప్రకారం పెళ్లయినవాళ్లకే ఇస్తారట, నెలాఖరులోగా మ్యారేజ్ సర్టిఫికెట్ తేవాలట. ఎనభై దాటిన వాళ్లు ఒక గదిలో ఉంటే వాళ్ల దేవుడికి ఏం నష్టమో నాకు అర్థం కాలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు.

“సర్టిఫికెట్ ఎందుకు లేదు? ఉంది,” అన్నారు చాముండేశ్వరిగారు. పూజగదిలో వెంకటేశ్వరస్వామి పటం వెనక నుంచి ఒక కాగితం తీశారు. నాలుగు మూలలా పసుపు మరకలు, నడుమ కుంకుమబొట్టు.

ఆ పెళ్లి కథ నేను చాలాసార్లు విన్నాను. అప్పటికి ఈ చుట్టుపక్కల గుళ్లు లేవు. ఇండియాలో పెద్దవాళ్లు, ఇద్దరూ రావాలంటే విమానాల ఖర్చు మాటలా, అక్కడే కానిచ్చేయండని ఉత్తరం రాశారు. కౌంటీకి వెళ్లి రక్తపరీక్ష కాగితాలు చూపించి లైసెన్సు తెచ్చుకున్నారు. అచ్యుతరావుగారని కెమిస్ట్రీలో రీసెర్చ్ చేసే స్నేహితుడికి మంత్రాలు వచ్చు. ఆయనే పురోహితుడు. బెల్లం దొరక్క జీలకర్రలో బ్రౌన్ షుగర్ కలిపారు. అపార్ట్‌మెంట్ కార్పెట్‌లో పడ్డ తలంబ్రాలు ఖాళీ చేసేదాకా కాలికి తగులుతూనే ఉన్నాయట. చివర్లో అచ్యుతరావుగారు లైసెన్సు మీద సంతకం పెట్టి, “ఇది జాగ్రత్త తల్లీ,” అని పెళ్లికూతురి చేతిలో పెట్టారు. ఆవిడ శుభలేఖకు రాసినట్టు నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి వెనక దాచారు. లైసెన్సంటే దగ్గర ఉంచుకునేది కదా! డ్రైవింగ్ లైసెన్సు ఎవరైనా ఆఫీసుకు తిరిగి ఇచ్చేస్తారా? ఇది మాత్రం తిరిగి ఇవ్వాల్సినదని ఆ ముగ్గురు చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

అరోరా ఊరొకటే అయినా మన జిల్లాల్లాంటి కౌంటీలు నాలుగు. మేము ముందు తప్పు కౌంటీకి వెళ్లి సగం రోజు పోగొట్టుకున్నాం. రెండో చోట కౌంటర్‌లో ఉన్న ఆమె మెడలో సన్న గొలుసు, కళ్లద్దాలు, నా వయసుకు దగ్గర్లోనే ఉంటుంది. ఆ ఏడు, ఆ పక్క ఏడు, వధువు పేరుతో ఒకసారి, వరుడి పేరుతో ఒకసారి వెతికింది. ఏమీ లేదు. అప్పుడు చాముండేశ్వరిగారు పసుపు కాగితం బల్ల మీద పెట్టారు. ఆమె దాన్ని రెండు చేతులతో తీసుకుని చాలాసేపు చూసింది.

“ఇది సర్టిఫికెట్ కాదమ్మా. ఇది లైసెన్సు. పెళ్లి చేసిన ఆయన సంతకం పెట్టి దీన్ని మాకు తిరిగి పంపాలి. అది వస్తేనే మేము రికార్డులో ఎక్కిస్తాం.”

“ఇప్పుడు తీసుకోండి మరి,” అన్నాను నేను.

పెళ్లి చేసిన ఆయన వచ్చి ప్రమాణం చెయ్యాలంది. అచ్యుతరావుగారు పోయి చాలా కాలమైంది. పెళ్లికి సాక్షిగా ఉన్న అచ్యుతరావుగారి భార్యా పోయారు. నేను సాక్ష్యం చెబుదామన్నా, ఈ వీధికి వచ్చిందే వాళ్ల పెళ్లయిన పుష్కరం తర్వాత. ఇంక మిగిలింది కోర్టు. జడ్జి ఆర్డరు ఇస్తే ఎక్కిస్తారు, కానీ దానికి నెలలు పడుతుంది. మా మొహాలు చూసి ఆమే మెల్లగా ఇంకో దారి చెప్పింది. “ఇద్దరూ కలిసి రండి. ఐడీలు చూపించి, అడిగినవాటికి జవాబు చెప్తే కొత్త లైసెన్సు ఇస్తాను. మర్నాడు ఇక్కడి జడ్జి దగ్గరే పెళ్లి చేసుకోవచ్చు.”

ఆవిడ అప్పటికప్పుడు నిశ్చయించుకున్నారు. 

“అంత మందిలోకి తీసుకెళ్తే అంకుల్ కన్‌ఫ్యూజ్ అవుతారండీ. లాయర్‌తో మాట్లాడి కోర్టులో ఫైల్ చేద్దాం,” అన్నాను కారులో.

“కోర్టు వాళ్లు ఎప్పటికి పిలుస్తారు మీనాక్షీ? అప్పటిదాకా ఆ రూమ్ ఉంటుందా? అసలు ఈయన ఉంటారా?” అన్నారావిడ.

 ఆ వారమంతా ఆవిడ ఆయనకు నేర్పించారు. “కౌంటర్‌లో ఆవిడ ఏదడిగినా యెస్ అనండి. అంతే.” ఆయన బుద్ధిగా “యెస్” అనేవారు. ఒక రోజు నేను వెళ్లేసరికి ఆవిడ అడగకుండానే ఆయన యెస్ అని నవ్వారు. నాకు కూడా ఆశ పుట్టింది. ఆశకేం, పిలవకపోయినా వస్తుంది.

కౌంటీకి వెళ్లే రోజు ఆయన హుషారుగా ఉన్నారు. ఆవిడ కట్టిన టై వేసుకుని, కారు కిటికీలోంచి వంతెన కనబడితే దాని గురించి ఏదో చెప్పారు. కౌంటర్ దగ్గర ముందు ఆవిడ ఫారం నింపారు. ‘ఇదివరకు పెళ్లయిందా’ అన్న చోట పెన్ను ఆగిపోయింది. రికార్డు లేదు కాబట్టి లేదనే రాయండని క్లర్కు నెమ్మదిగా చెప్పింది. మెడలో నల్లపూసలు, ఎదురుగా మొగుడు. ఆవిడ ‘నో’ దగ్గర టిక్ పెట్టారు. నేను తల తిప్పుకున్నాను.

తర్వాత ధర్మారావుగారి వంతు. కుడిచెయ్యి ఎత్తి, చెప్పేదంతా నిజమేనని ప్రమాణం చెయ్యమంది. అక్కడే వచ్చింది చిక్కు. ఆయన జీవితంలో చదవకుండా సంతకం పెట్టిన మనిషి కాదు, ప్రమాణం చేసి అబద్ధమాడిన మనిషి కాదు. మతి పోయినా ఆ గుణం పోలేదు. చెయ్యెత్తగానే వెన్ను నిటారుగా అయింది, మొహంలోకి పాత ఇంజనీరు వచ్చాడు.

“మీకు ఇప్పుడు భార్య ఉన్నారా సార్?” అని అడిగింది.

“ఉంది. నాకు పెళ్లయింది,” అన్నారు స్పష్టంగా, మంచి ఇంగ్లీషులో.

చాముండేశ్వరిగారు ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. క్లర్కు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఆమె పేరేమిటి?”

“చాముండేశ్వరి.”

ఆమె చేతిలో ఉన్న ఐడీ మీదా అదే పేరు. క్లర్కు మొహం వెలిగింది.  “ఆమె ఈమేనా సార్? మీ పక్కనున్న ఈమేనా?”

ఆయన పక్కకు తిరిగి ఆవిడను శ్రద్ధగా చూశారు. నిజం చెప్పాల్సిన బాధ్యత ఉన్నవాడు చూసినట్టు చూశారు.

“కాదు. మా ఆవిడ చిన్నపిల్ల. ఇంట్లో ఉంది.”

తర్వాత నా వైపు వంగి, ఆవిడకు వినబడకూడదన్నట్టు తెలుగులో అన్నారు: “ఈ సిస్టర్ మంచిదేనమ్మా. ఈ వయసులో పెళ్లి కోసం వచ్చిందంటే పాపం ఏం కష్టమో. కానీ నేనెలా చేసుకుంటాను? చాముండికి తెలిస్తే తట్టుకోలేదు.”

క్లర్కు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఎవరిని పెళ్లి చేసుకుంటున్నారో తెలియని మనిషికి లైసెన్సు ఇవ్వడానికి తనకు అధికారం లేదంది. ఇవ్వగలిగితే తన చేతులతో రాసిచ్చేదాన్నంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. నా కోపమంతా ఎవరి మీద చూపించాలో తెలియక బల్లను గట్టిగా కొట్టాను. చెయ్యి నొప్పెట్టింది, అంతకన్నా ఏమీ జరగలేదు.

కారులో ఆయన టై సరిచేసుకున్నారు. తర్వాత, “సిస్టర్, మీరేమీ అనుకోకండి,” అన్నారు.

“ఏమీ అనుకోలేదండీ.”

“చీకటి పడకముందే నన్ను ఇంట్లో దింపెయ్యండి. మా ఆవిడ ఒక్కతే ఉంటుంది. కాస్త భయస్తురాలు.”

“దింపుతామండీ,” అన్నారు చాముండేశ్వరిగారు.

నేను హోమ్ వైపే తిప్పాను. వేరే ఎక్కడికి తిప్పను? అక్కడి అమ్మాయి ఆయన టై విప్పి, చెప్పులు తొడిగి, కుర్చీలో కూర్చోబెట్టింది. గది సంగతి ఆఫీసులో నేనే చెప్పాను. లిస్టులో తర్వాతి దంపతులకు ఫోన్ చేస్తామన్నారు. కోర్టులో వేస్తామంటే మళ్లీ ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పలేమన్నారు. అలాంటి గది ఖాళీ అయ్యేది ఎవరైనా పోతేనే.

పొద్దు వాలింది. మమ్మల్ని వెళ్లమన్నారు. తలుపు దాటి నాలుగు అడుగులు వేశామో లేదో లోపలి నుంచి ఆయన గొంతు వినబడింది. “చాముండీ! చాముండీ!” అని పిలుస్తున్నారు. ‘సిస్టర్’ అని కాదు. హోమ్‌లో చేరాక ఆ పిలుపు నేను వినలేదు.

ఆవిడ గబగబా వెనక్కి వెళ్లారు. తలుపు అప్పటికే మూసుకుని తాళం పడిపోయింది. తలుపు అద్దం మీద అరచెయ్యి ఆనించి, “ఇక్కడే ఉన్నానండీ,” అన్నారు. లోపలి అమ్మాయి, టైమ్ అయిపోయిందని సైగ చేసి అడ్డంగా తల ఊపింది. ఆయన ఇంకా పిలుస్తూనే ఉన్నారు. లోపలికి పోనివ్వమని నేను తలుపు బాదాను, అరిచాను. ఎవరూ తియ్యలేదు.

చాముండేశ్వరిగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“పద మీనాక్షీ, ఇంటికి వెళ్దాం,” అన్నారు. “నేను ఇంట్లో ఉన్నానని చెప్పుకుంటున్నారు కదా ఆయన. అక్కడైనా లేకపోతే ఎలా?”