కెప్టెన్ టెంటు

నిన్న మొఘల్‌పురాలో టెంట్‌హౌస్ వాళ్లు వానకు తడిసిన గుడారాన్ని గల్లీలో ఆరేశారు. ఆ ముక్కవాసనకు నాకు రాజస్థాన్‌లోని ఆబూ కొండ గుర్తొచ్చింది.

ఐదో తరగతిలో బడి వాళ్లు మమ్మల్ని అక్కడికి క్యాంపుకు తీసుకెళ్లారు. చుట్టూ అడవి, కొండ అంచున నిలబడితే దూరంగా కింద ఎడారి. మిగతా ఆడపిల్లలందరికీ కలిపి పెద్ద గుడారాలు వేశారు. నాకొక్కదానికి ఎడంగా, చెట్టు కింద చిన్నది వేశారు.

"నువ్వు కెప్టెన్‌వి. కెప్టెన్‌కు టెంటు, ప్లేటు సపరేటు ఉంటయ్" అంది టీచర్.

నేను పొంగిపోయాను. పొద్దున్నే గుడారాల చుట్టూ తిరిగి అందరినీ లేపాను. వాళ్లు ముసిముసిగా నవ్వుతూ సెల్యూట్ కొట్టారు. నేనూ కొట్టాను.

మా అమ్మ మున్సిపాలిటీలో సఫాయి పని చేసేది. మా బడి గల్లీ కూడా ఆమే ఊడ్చేది. ఇంటికి రాగానే సంబరంగా అంతా చెప్పాను.

"ప్లేటు గూడ సపరేటా?" అని అడిగింది.

"ఔనమ్మా, నాకొక్కదానికే ఇచ్చిండ్రు!"



మరుసటి ఏడు మళ్లీ క్యాంపు అన్నారు. "ఈసారి గూడ నేనే కెప్టెన్ అయిత, పంపియ్యవే" అన్నాను. అమ్మ నా చెంప పగలగొట్టింది. అంతకుముందెప్పుడూ ఆమె నన్ను కొట్టలేదు. ఆ దెబ్బ ఎవరికి పడాల్సిందో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.