జైడికోను అందుకున్న గంగారాం

గంగారాం ఇక లేడన్న వార్త గత మంగళవారం ఉదయం బహ్రెయిన్‌లోని తుబ్లీలో ఉన్న మా ఏసీ కంపెనీ స్టోరుకు ఫోనులో వచ్చింది. డ్యూటీ బస్సు ఎక్కబోతూ లేబర్ క్యాంపు గేటు దగ్గర కుప్పకూలాడట. ఆసుపత్రికి చేర్చేలోగానే గుండె ఆగిపోయింది. ‘ఏ గంగారాం?’ అని అడిగాను. మాకున్నది ఒక్కడే గంగారాం అని తెలిసే అడిగాను. దుర్వార్తను ఇంకెవరి మీదికో తోసెయ్యాలన్న అల్పమైన ఆశ అది.

జగిత్యాల దగ్గరి పల్లెలో ‘దుబాయి పోతున్న’ అని చెప్పి బహ్రెయిన్ చేరినవాడు. పదిహేడేళ్లు ఏసీ మెకానిక్‌గా పనిచేశాడు. నేను కాకినాడ వాణ్ని. స్టోరు చూసుకుంటూ, మా తెలుగు క్రైస్తవ సహవాసంలో కీబోర్డు వాయిస్తూ పాడతాను. స్వరం తప్పితే సహించలేని స్వభావం నాది. ఏ పాదాన్నీ రెండోసారి అదే తీరున పాడని స్వభావం అతనిది. మా స్నేహం ఎలా కుదిరిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఒకసారి అమ్వాజ్‌లోని ఒక ఫ్లాటులో ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయంటే, సామాను పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. ఆ ఇంటాయన లూయీ అమెరికాలోని లూసియానా ప్రాంతం వాడు, పిల్లలకు సంగీతం నేర్పే నల్లజాతి పెద్దమనిషి. అకార్డియన్ వాయిస్తూ పాడుకుంటున్నాడు. అది జైడికో అని తరవాత తెలిసింది. పొలాల్లో ఒళ్లు వంచిన అక్కడి నల్లజాతి జనం తమ శ్రమను ఆడి, పాడి దులుపుకోవడానికి సృష్టించుకున్న సంగీతమట. నడుమ నడుమ ఆయన మాటలు వదిలేసి ‘అయ్యయీ!’ అని గొంతు విసురుతున్నాడు. నిచ్చెన మీద ఉన్న గంగారాం ఉన్నట్టుండి ‘ఒహొహొ హొయ్!’ అని అందుకున్నాడు.

ఫిర్యాదు వెళితే ఉద్యోగం ఖలాస్. లూయీ వాయించడం ఆపి పైకి చూశాడు. ఈసారి ఒక మెలిక వేసి మరో కేక విసిరాడు. గంగారాం ఆ మెలిక విప్పి, దానికో తోక తగిలించి తిరిగి ఇచ్చాడు. ఏసీ బాగుపడేసరికి ఆ పూటంతా పట్టింది.

ఆపైన శుక్రవారం సాయంకాలాలు లూయీ మిత్రులు చేరే బుదైయా తోటలో గంగారాం నిత్యాతిథి అయ్యాడు. ఒకాయన ఛాతీకి ముడతల రేకు తొడుక్కుని చెంచాలతో గీస్తూ తాళం వేస్తుండేవాడు. ఇంగ్లీషు రాని గంగారాం పాటలో ఖాళీ దొరికితే చాలు, ‘యల్లా యల్లా ఎండలల్ల, గ్యాసు లేదు ఏసీలల్ల!’ అని దూకేవాడు. యల్లా అంటే అరబ్బీలో ‘పద పద’ అని. జనం నవ్వుతూ ఆడేవారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

“అర్థం పర్థం లేని ఆ కూతలేంటి గంగారాం? అందరూ మనల్ని చూసి నవ్వుతున్నారు” అని తిరుగు ప్రయాణంలో ఒకసారి మందలించాను.

“నవ్విండ్రంటే పాట అందినట్టే గదన్నా” అన్నాడు. కోపం లేదు.

రెండేళ్ల కిందట మా అమ్మ కాలం చేసింది. సెలవు దొరకలేదు. ఖననం ఫోనులోనే చూశాను. ఆ తరవాత పదకొండు రోజులు నాకు గొంతు పెగల్లేదు. సహవాసంలో కీర్తన ఎత్తలేకపోయాను. గంగారాం వచ్చి, చెయ్యి పట్టుకుని బుదైయాకు తీసుకుపోయాడు.

“మాటలు రాకుంటె మానె. ఊపిరున్నది గద, గది ఇయ్యి” అంటూ నా ఎదుట కూర్చుని, మెల్లగా ‘హొ’ అన్నాడు. నేనూ అన్నాను. గొంతు జీరపోయింది. అతను ఆ జీరను దిద్దలేదు. దాన్నే రాగంలో కలుపుకుని నాకు తిరిగి ఇచ్చాడు. లూయీ అకార్డియన్‌ను తగ్గించాడు. మళ్లీ అన్నాను. ఈసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకాలే ‘అమ్మా’ అన్న కేక తన్నుకొచ్చింది. ఆ కేకను గంగారాం నన్నొక్కణ్నే మోయనివ్వలేదు. అతను అందుకున్నాడు, అతని వెంట తోటలోని వాళ్లంతా అందుకున్నారు. ఆ రోజు తనివితీరా ఏడ్చాను. స్వరం తప్పిందో లేదో చూసుకోలేదు.

మొన్న అతని పార్థివదేహం ఊరు చేరింది. నిన్న అతని భార్య లక్ష్మి ఫోను చేసింది.

“ఆయిన ఆడ పాడుతుండెనట గదా అన్నా. ఒక్క వీడియో అన్న ఉంటె పంపుండ్రి. బిడ్డ ఇంటానంటున్నది.”

మా ఫోన్లన్నీ వెతికాం. లూయీ కూడా వెతికాడు. ఎక్కడా లేదు. ఎవరైనా ఫోను ఎత్తితే గంగారాం నోరు మూసుకునేవాడు. ‘గిది పెట్టుకుంటె రేపు గిట్లనే పాడుమంటరు’ అనేవాడు.

రాత్రి నేనే తిరిగి ఫోను చేసి “లేదమ్మా” అన్నాను.

“అయితె నువ్వే ఒక్కసారి పాడి ఇనిపియ్యన్నా” అంది.

స్టోరు తలుపు వేసుకుని, జ్ఞాపకమున్నంతా పాడాను. తల్లీ బిడ్డా చివరిదాకా విన్నారు. “గట్ల గాదన్నా” అంది లక్ష్మి, ఏడుస్తూ. “ఆయినది గట్ల గాదు.”

నిజమే తల్లీ, అలా కాదు. అతనిది అనన్యమైన కంఠం. నకలు లేదు, వారసుడూ లేడు. నా దుఃఖానికి గొంతునిచ్చిన ఆ సోదరుడికి చేతులెత్తి మొక్కుతున్నాను. అతని పాటను అతని బిడ్డకు వినిపించలేకపోయాను.